చచ్చినోళ్ల కండ్లు తెరిపించే ఆయన

ఆయన పేరు రాయను. రాస్తే తాండూరుకూ వికారాబాదుకూ మధ్య కొన్ని పదుల ఇళ్లల్లో గోడల మీది ఫొటోలు దించాల్సి వస్తుంది. ఆ ఇళ్లవాళ్లు రోజూ ఆ ఫొటోలకు దండం పెట్టుకుని పనులకు పోతున్నారు. పోనిద్దాం.

పోయిన నెల ఆయన తాండూరులో తన స్టూడియోలోనే, పాస్‌పోర్ట్ ఫొటో తీస్తూ పోయాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్నది యాలాల్ నుంచి వచ్చిన ఒక రైతు. "గడ్డం జర కిందికి" అన్నాడట ఈయన. ఆ తర్వాత కెమెరా వెనకున్న కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. ఇంకేమీ అనలేదు. రైతు కళ్లల్లోకి లైట్లు కొడుతున్నాయి, వాటి వెనక ఏముందో కనబడదు. పైగా మర్యాదస్తుడు. గడ్డం దించుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడట. "ఇంకెంతసేపు సార్?" అని రెండుసార్లు అడిగాడట కూడా.

ఫోన్లో ఈ కథ వింటున్నప్పుడు నేను వికారాబాద్‌లో మా ఆఫీసులో ఉన్నాను. నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా, ఈ కథ చివర మనిషి పోయాడన్న సంగతి చెవికెక్కింది. ఆ సగం నవ్వును ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియడం లేదు.

ఆయనతో నా పరిచయం నా గర్వం వల్ల జరిగింది. నాకొక డిగ్రీ, ఒక మంచి కెమెరా ఉన్నాయి. ఈ రెండూ ఉంటే ఫొటోగ్రాఫర్ అయిపోయినట్టేనని అప్పట్లో అనుకునేవాణ్ని. అనంతగిరి కొండల మీద మంచులో తీసిన ఫొటోలు పెద్దవి చేయించడానికి ఆయన స్టూడియోకు వెళ్లాను. ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"మంచు మంచిగొచ్చింది. మనుషులేరి?"

"మనుషులు లేరన్నా. ప్రకృతి."

"మరి నువ్వెందుకు పోయినవ్?"

దీనికి జవాబు నా దగ్గర లేదు. ఇప్పటికీ లేదు. అందుకే స్నేహమైంది.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. స్టూడియోలో కూర్చున్న మనిషి ఎవరైనా సరే, బటన్ నొక్కే ముందు "జర బతికినట్టు చూడు" అనేవాడు. తహశీల్దారుకైనా అదే మాట, నర్సరీ పిల్లకైనా అదే. ఎదుటివాళ్ల కళ్లల్లోకి మాత్రం చూసేవాడు కాదు. చెవులు చూసేవాడు. ఎవరి కొడుకు ఎవరో, ఎవరు ఎవరికి మేనత్తో చెవులు చూసి చెప్పేవాడు. "మూతి నవ్వుతది, ముక్కు పోజు కొడ్తది. చెవు ఏం చెయ్యలేదు పాపం. నిజంగ ఫొటోకొచ్చేది గదొక్కటే" అనేవాడు. నా చెవులు చూసి ఏమన్నాడో మా ఇంట్లోవాళ్ల గౌరవం కోసం రాయడం లేదు.

ఇంకొకటి, నల్ల కళ్లద్దాలు. స్టూడియోలో తీసేసేవాడు. పెళ్లికో, పుట్టు వెంట్రుకలకో ఇంకొకరి గడప తొక్కాడంటే మాత్రం అవి ముఖానికెక్కేవి. వెలుగు సరిచూసుకోవాల్సిన వృత్తి. నల్లద్దాల్లోంచి ఎలా చూసుకుంటాడా అని నాకు వింతగా ఉండేది. ఒకసారి అడిగితే "స్టైలు" అన్నాడు. ఆయన వేసుకునే చెప్పులు చూసిన ఎవరూ ఆ మాట నమ్మరు. నేను నమ్మాను.

మొన్నటి మాఘమాసంలో, ఒక మంగళవారం సాయంత్రం, చెప్పాపెట్టకుండా వికారాబాద్‌లో మా ఇంటి ముందు తన పాత వ్యాను ఆపాడు.

"సెలవు పెట్టు. సముద్రం చూసొద్దాం."

"ఏ సముద్రం అన్నా?"

"కర్ణాటక దిక్కుది. కార్వార్ నుంచి కిందికి, ఒడ్డెంబడి పోదాం. మెల్లగ. ఫొటోలు తీసుకుంట."

పాతికేళ్లుగా పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ ఫొటోలు తప్ప ఇంకేమీ తీయని మనిషి సముద్రం తీస్తానంటే సంతోషపడ్డాను. నేను తీసిన మంచు ఫొటోలు ఆయన మీద ఇన్నాళ్లకు పనిచేశాయనుకున్నాను. సెలవు చీటీలో "ఆరోగ్య కారణాలు" అని రాసి బయల్దేరాను.

గుల్బర్గా దాటాక నిజం చెప్పాడు. నేను నడుపుతున్నాను. ఆయన పక్క సీట్లో, ఒళ్లో ఒక పాత కవరు పెట్టుకుని కూర్చున్నాడు.

చాలా ఏళ్ల కింద, ఆయన కొత్తగా కెమెరా పట్టిన రోజుల్లో, మోమిన్‌పేట్ దగ్గరి ఒక ఊరి నుంచి కబురొచ్చింది. ఇరవై రెండేళ్ల అమ్మాయి, బాలింత, చనిపోయింది. పుట్టిన పాప వయసు తొమ్మిది రోజులు. భర్త తాండూరు నాపరాయి గనుల్లో పనిచేసేవాడు. బతికుండగా ఆ అమ్మాయికి ఒక్క ఫొటో లేదు. అందుకని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక గోడకు ఆనించి, ఈయనతో ఫొటో తీయించారు. తల కొంచెం ఎడమకు వాలింది. కళ్లు మూసే ఉన్నాయి.

ఆ ఫొటో గోడకెక్కింది. పాప పెరిగింది. పేరు కరుణ. బడికి పోవడం మొదలుపెట్టాక ఒకరోజు తండ్రిని అడిగిందట: "అమ్మ ఎప్పుడు జూసినా పండుకునే ఉంటదేంది?"

తండ్రి ఆ ఫొటో సంకలో పెట్టుకుని స్టూడియోకు వచ్చాడు. కంప్యూటర్‌తో ఫొటోలు దిద్దడం తాండూరుకు అప్పుడప్పుడే వస్తోంది. "జర కండ్లు తెరిపియ్యి సారూ, పిల్ల అడుగుతున్నది" అన్నాడు.

ఇది అడిగినంత సులువైన పని కాదట. తెరిచిన కళ్లు ఎక్కడి నుంచో తెచ్చి అతికించాలి. క్యాలెండర్ మీది ఆడవాళ్లు అందరూ నిటారుగా చూస్తారు. ఈమె తల ఎడమకు వాలి ఉంది. అదే వాలులో, అదే వెలుగులో కూర్చున్న మనిషి కళ్లయితేనే అతుకుతాయి. ఎవరైనా ఆడమనిషిని కూర్చోబెట్టి తీయాలి. ఎవరు కూర్చుంటారు? చచ్చినామెకు కళ్లివ్వడమంటే పిలిచి కీడు తెచ్చుకోవడమే. పక్కింటావిడ దండం పెట్టి వెళ్లిపోయింది. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుని "మతి ఉండే మాట్లాడుతున్నవా?" అంది. కాన్వెంటు టీచరమ్మ చదువుకున్న మనిషి కాబట్టి మర్యాదగా, తలనొప్పి అంది.

"మరేం చేశావన్నా?"

"కుర్చీల నేనే కూసున్న. తల ఎడమకు వాల్చిన. టైమర్ పెట్టి తీసుకున్న."

వ్యాను కొంచెం పక్కకు పోయింది. ఎదురుగా వస్తున్న చెరకు లారీ మంచి హారన్ ఉన్న లారీ.

"నీ కళ్లా?"

"నావే. మౌస్‌తోని కాటిక వెట్టిన. కనుబొమ్మలు సన్నగ చేసిన. మస్తు కుదిరినయి."

కరుణ తండ్రి ఆ ఫొటోను చాలాసేపు చూశాడట. ఎవరి కళ్లని అడగలేదు. "గిట్లనే ఉండె" అన్నాడు. అని, ఏడ్చాడు.

మాట పాకింది. తాండూరుల ఒకాయన చచ్చినోళ్ల కండ్లు తెరిపిస్తడంట. పెద్దపెద్ద ఆసుపత్రులు చేతులెత్తేసే పని. మోమిన్‌పేట్ నుంచి, యాలాల్ నుంచి, వికారాబాద్ నుంచి మూసిన కళ్ల ఫొటోలు వచ్చాయి. తాతలు, అత్తలు, ఒకరిద్దరు దర్జీలు. అప్పటికి ఇంకొకళ్లను అడగడం మానేశాడు. అన్నిటికీ తనవే. "మొగోళ్లకైతే కాటిక పని గూడ లేదు" అన్నాడు.

నల్లద్దాల కథ కూడా అప్పుడే బయటపడింది. యాలాల్ దగ్గర ఒక పెళ్లికి పోతే, ఇంట్లో మంచం మీద కూర్చున్న ముసలామె ఈయన్ను చూసి చటుక్కున లేచి నిలబడిందట. కొంగు నెత్తి మీదికి లాక్కుని, గోడవైపు జరిగి, తల దించుకుంది. ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకే అర్థం కాలేదు. వెనక గోడ మీద దండ వేసిన ఆమె భర్త ఫొటో ఉంది. ఈయనకు అర్థమైంది. మర్నాడే బజారుకు పోయి నల్లద్దాలు కొన్నాడు.

నాకు వెంటనే మా నాయన ఫొటో గుర్తొచ్చింది. తర్వాత, అది ఆధార్ కార్డు నుంచి పెద్దది చేసిందని గుర్తొచ్చి తేరుకున్నాను. ఆధార్‌లో ఎవరి కళ్లు ఎవరివో కనిపెట్టడం ఎవరివల్లా కాదు.

"ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్తున్నావన్నా?"

కరుణ పెద్దదైంది. నర్సింగ్ చదివి, ఆ సముద్రం ఒడ్డునే కుందాపురలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. తండ్రి మూడేళ్ల కింద పోయాడు. అంతకుముందు వారం ఆమె స్టూడియోకు ఫోన్ చేసింది. అమ్మ ముఖం చేతి మీద పచ్చబొట్టు వేయించుకుంటోంది. ఆదివారం నాలుగింటికి మాట్లాడి పెట్టుకుంది. వేసేవాడు పెద్ద సైజు ఫొటో అడుగుతున్నాడు, కళ్లు స్పష్టంగా ఉండాలట. అమ్మలో తనకు బాగా ఇష్టమైనవి కళ్లే కాబట్టి.

"ఫొటో అయితే దించొచ్చు. చేతికి దిగింది ఎట్ల దించాలె?" అన్నాడు ఆయన. "ఆదివారం నాలుగు లోపట పోయి చెప్పాలె. ఒక్కన్ని చెప్పలేను. అందుకే నిన్ను పట్టుకొచ్చిన."

కవరులో ఉన్నది ఆమె తల్లి అసలు ఫొటో. కళ్లు మూసుకున్నది.

గురువారం పొద్దుగూకే వేళకు కార్వార్ చేరాం. అక్కణ్నుంచి కుందాపుర తిన్నగా పోతే నాలుగైదు గంటలు. మాకు మూడు రోజులు పట్టింది. అంత తీరికైన ప్రయాణం నేను మళ్లీ చేయలేదు. చేయాలని కూడా లేదు.

కార్వార్‌లో ఎండుచేపల దగ్గర సగం రోజు నిలబడ్డాడు. "ఎండ వాలనీ, పొలుసు మెరుస్తది." గోకర్ణంలో ఒక బండ మీద అల విరగాలని చూశాడు. విరిగింది. ఆ అల నచ్చలేదు. తర్వాతి అల కోసం చూశాడు. సముద్రంలో అలలకు కొదవ లేదన్న సంగతి ఆయనకు బాగా కలిసొచ్చింది.

కుమటాలో టీ కొట్టు దగ్గర కన్నడంలో మాట కలిపాడు. ఆయనది గుల్బర్గా వైపు కన్నడం. టీ కొట్టాయన శ్రద్ధగా విని హిందీలో జవాబిచ్చాడు. ఈయన నొచ్చుకున్నాడు. "మనదే అసలు కన్నడ. వీళ్లది ఉప్పుగాలికి నానింది" అన్నాడు.

హొన్నావరలో నది సముద్రంలో కలిసేచోట పొడుగాటి రైలు వంతెన ఉంది. అక్కడ వ్యాను ఆపి, రైలు వచ్చేదాకా ఫొటో తీయనన్నాడు.

"వికారాబాద్ జంక్షన్ల పుట్టినోనివి, రైలు లేని బ్రిడ్జి ఎట్ల తీస్తవ్ రా?"

"రైళ్లు చూడాలంటే వికారాబాద్‌లోనే ఉండేవాళ్లం గదన్నా. ఆమెకు ఫోన్ చేసి వస్తున్నామని చెప్పు."

"రైలు రానీ."

రైలు వచ్చింది. కెమెరా ఎత్తాడు. రైలు పోయింది. కెమెరా దించాడు. అప్పుడు గమనించాను, బటన్ నొక్కింది రైలు దాటిపోయాకే. దండలు మార్చుకునే క్షణాన్ని నిద్రలో కూడా తప్పిపోనివ్వని మనిషి. ఆ రాత్రి కెమెరాలో ఫొటోలు వెనక్కి తిప్పి చూశాను. చేపలు, అలలు, వంతెన, అన్నీ చెదిరిపోయి ఉన్నాయి. అన్ని వందల్లో నిలకడగా వచ్చింది ఒక్కటీ లేదు. కెమెరా ఆపి ఆయన పక్కన పెట్టాను. నేనేమీ అనకపోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. అందుకే భయపడినట్టున్నాడు, ఆ రాత్రి ఇద్దరమూ అన్నం సరిగా తినలేదు.

ఆదివారం పదకొండింటికి మరవంతె దగ్గర వ్యాను ఆపించాడు. అక్కడ రోడ్డుకు ఒకవైపు సముద్రం, ఇంకోవైపు నది. నడుమ రోడ్డు ఒక్కటే. చూడ్డానికి ఎవరో వరుసబెట్టి పేర్చినట్టు ఉంటుంది. కుందాపుర ఇంకా అరగంట దూరం కూడా లేదు. ఆయన స్టాండు దించి, కాళ్లు పొడుగు చేసి, కెమెరా బిగించాడు. రెండున్నర దాకా ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

"ఆ మబ్బు పోనీ."

"అన్నా, ఆ మబ్బు పోదు. నాలుగింటికి ఆ పిల్ల చేతికి సూది దిగుతుంది."

"పోతది, పోతది."

నేను వెళ్లి కెమెరాకు మూత పెట్టాను. ఆయన స్టూడియోలో నేను కుర్చీ కూడా జరిపి ఎరగను. ఆయన కోప్పడలేదు. రోడ్డు పక్క రాళ్ల మీద కూర్చున్నాడు.

"ఏం జెప్పాల్రా? మీ అమ్మ కండ్లు నావి అని చెప్పాల్నా?"

"అట్లనే చెప్పు."

"చెప్తే ఆమెకు తల్లి పోతది. అప్పుడు తొమ్మిది రోజుల పిల్ల, తెల్వలే. గిప్పుడు తెలుస్తది."

"మరి చెప్పకు. ఫొటో ఇచ్చి పోదాం."

"చెప్పకుంటె ఆ పిల్ల సచ్చేదాంక చెయ్యి మీద నన్ను మోస్తది. ఆమె మోస్తున్ననని అనుకునేది వాళ్ల అమ్మను. గది దొంగతనం గాదా?"

నేను స్టాండు కాళ్లు మడిచి, కెమెరాతో సహా వ్యానులో పెట్టాను. సముద్రం చప్పుడు చేస్తోంది. బండి స్టార్ట్ చేశాను.

కరుణది పెంకుటింట్లో రెండు గదుల వాటా. తలుపు తీసి, మమ్మల్ని చూసి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఫొటో సార్! నిజంగనే వచ్చిన్రా! మన మాట విని ఎన్ని దినాలైందో సార్, ఈడ నాతోని నేనే మాట్లాడుకుంటున్న!" టీ పెట్టింది. ప్లేట్లో మురుకులు పోసింది. గోడ మీద తల్లి ఉంది. తల ఎడమకు వాల్చి, కాటుక కళ్లతో, చిన్నగా మందలిస్తున్నట్టు చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా మంచు ఫొటోలు చూసిన చూపు అది.

"పెన్ డ్రైవ్ తెచ్చినవా సార్? నాలుగింటికి పోవాలె."

ఆయన నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నాకు తెలిసినంతలో ఇంకొకరి ఇంట్లో ఆయన అద్దాలు తీయడం అదే మొదలు. తల కొంచెం ఎడమకు వాల్చి ఆమెను చూశాడు. అలా చూస్తాడని నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆపేవాణ్ని.

కరుణ టీ గ్లాసు కింద పెట్టింది. ఆయన్ను చూసింది. గోడను చూసింది. మళ్లీ ఆయన్ను చూసింది. ఆసుపత్రిలో పనిచేసే పిల్ల, అరవలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"ఎవరి కండ్లు ఎవరికి పెట్టిన్రు సార్?"

ఆయన చెప్పాడు. తక్కువ మాటల్లో, గుల్బర్గా దగ్గర నాకు చెప్పినట్టే. కాటుక మాట మాత్రం చెప్పలేదు. కవరు బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"పదో తరగతి పాసైన్నాడు గా ఫొటో ముందల నిలబడి చెప్పిన" అంది. "ఎవరికి చెప్పినట్టు?"

"నాకే బిడ్డా."

"నర్సింగ్ సీటొచ్చిందని చెప్పిన."

"నాకే."

"నాయన పోయిన్నాడు రాత్రంత గా ఫొటోతోని మాట్లాడిన. ఏమేం మాట్లాడిన్నో గూడ యాదికి లేదు. అన్నీ నువ్వే విన్నవా?"

ఆయన తల దించుకున్నాడు. కరుణ లేచి నిలబడింది.

"పోండి సార్" అంది. గొంతు పెంచలేదు. "జర పోండి."

మేం బయటికి వచ్చాక తలుపు మెల్లగా వేసింది. గట్టిగా వేసి ఉంటే బాగుండేదని ఇద్దరమూ అనుకున్నాం.

తిరుగు ప్రయాణంలో ఆయనే నడిపాడు. మరవంతె దగ్గరికి వచ్చేసరికి మబ్బు నిజంగానే పోయింది. నీళ్ల మీద ఎండ పరుచుకుని, రోడ్డు రెండు వైపులా వెలిగిపోతోంది. "అన్నా, లైటు బాగుంది" అన్నాను. "ఉండనీ" అన్నాడు. తాండూరు దాకా డీజిలుకూ టీకీ తప్ప బండి ఆపలేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికాడు. కళ్లు తెరిపించే పని మానేశాడు. ఎవరైనా ఫొటో తెస్తే "మూసిన కండ్లే మంచిగున్నయి తియ్యి" అని తిప్పి పంపేవాడు. జనం ఇంకో స్టూడియోకు పోయేవాళ్లు. నేను ఎప్పుడు వెళ్లినా ముందు నా చెవుల మీద ఏదో ఒకటి అనేవాడు, తర్వాత లెన్సు తుడుచుకుంటూ, నావైపు చూడకుండా, "ఫోన్ చేసిందా?" అనేవాడు. "లేదన్నా." "పచ్చబొట్టు ఏపిచ్చుకోలేదంటవా?" "ఎందుకు వేయించుకుంటుందన్నా?" "గంతే గంతే" అనేవాడు. ఆ గంతే గంతేలో ఊరట ఎంతో, ఇంకొకటి ఎంతో నేను తూచలేదు. ఆమెకు ఫోన్ చేయమంటే, "నేను చెప్పేది ఒడిసింది. ఇగ ఆమె ఇష్టం" అన్నాడు.

ఆయన పోయిన రోజు కరుణకు నేనే మెసేజ్ పెట్టాను. "సార్ పోయాడు." చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు.

పుణె నుంచి తమ్ముడు రావాలని ఒక రోజు ఉంచారు. మర్నాడు పొద్దున ఆయన ఇంటి ముందు ఐసు పెట్టెలో పడుకుని ఉన్నాడు. కళ్లు మూసి ఉన్నాయి. చూడ్డానికి వచ్చి దండం పెట్టి పోతున్నవాళ్లలో కొందరి ఇళ్లల్లో అవి తెరుచుకునే ఉన్నాయి. ఆ సంగతి వాళ్లకు తెలియదు. తెలిసిన నేను ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేల చూస్తున్నాను. ఆయన ఉంటే ఆ వచ్చేవాళ్ల చెవులు చూసి నాకేదో చెప్పేవాడు.

పదింటికి ఒక ఆటో ఆగింది. కరుణ దిగింది. రాత్రంతా ప్రయాణం చేసిన ముఖం, భుజానికి సంచి, పొడుగు చేతుల చొక్కా. నన్ను చూసి తల ఊపింది. పెట్టె దగ్గరికి పోయి, అద్దం మీద చేయి పెట్టి, చాలాసేపు ఆ మూసిన కళ్లనే చూసింది. తర్వాత ఆయన భార్య పక్కన నేల మీద కూర్చుంది.

"ఎవరు బిడ్డా నువ్వు?" అందామె. గొంతు అప్పటికే పోయింది.

కరుణ ఎడమ చేతి గుండీ విప్పి, చొక్కా మోచేయి దాకా మడిచింది.

పచ్చబొట్టు. ఇరవై రెండేళ్ల అమ్మాయి ముఖం. తల ఎడమకు వాలి ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి.

నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు. "ఎప్పుడు వేయించావమ్మా?" అన్నాను. అది అడగాల్సిన సమయం కాదు. నా నోరు అంతే.

"గదే ఆదివారం సార్. మీరు పోయినంక గోడ మీది ఫొటోనే దించుకపోయిన. నాలుగింటికి."

మేం మరవంతె దాటుతున్న వేళ.

"మరి ఒక్క మాట చెప్పకపోతివి. ఆయన ఎనిమిది నెలలు..."

"కోపం పోలేదు సార్. కోపం పోయినంక చెప్దామనుకున్న." చేతివైపే చూస్తూ అంది. "అమ్మను నేను ఎన్నడూ చూడలే. చిన్నప్పటి సంది నన్ను చూసినయి గివ్వే. ఏరే కండ్లు నాకు తెల్వయి."

ఆయన భార్య మా మాటలు వింటున్నట్టు లేదు. వంగి ఆ చేతినే చూస్తోంది. కాటుక పెట్టినా, కనుబొమ్మలు సన్నం చేసినా, ముప్పై ఏళ్లు ఆ కళ్లకు ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒకసారి పెట్టెవైపు చూసింది, మళ్లీ చేతివైపు చూసింది. "మా ఆయనవి" అంది. చుట్టూ ఉన్నవాళ్లు ఏడుపు ఆపి తిరిగారు. ఇప్పుడు ఏమంటుందో, ఎక్కడి దాకా పోతుందో అని రెండడుగులు ముందుకు వేశాను.

ఆమె కరుణ చేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలితో ఆ ముఖాన్ని నెమ్మదిగా తడిమింది.

"సూదులతోని పొడుస్తరంట గదా" అంది. "నొప్పి వెట్టిందా బిడ్డా?"

"వెట్టిందమ్మా" అంది కరుణ.